గోడ నీడలో పచ్చదనం: ఏ మొక్క నిలుస్తుంది, ఎందుకు?

కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు ప్రహరీ వెంట ఒక వరుస మొక్కలు పెంచాలనుకోవడం మామూలే. నర్సరీలో నిండుగా పూసి ఉన్న గులాబీ, మల్లె, మందార మొక్కలు తెచ్చి నాటుతారు. నెల తిరిగేసరికి పూలు ఆగిపోతాయి. మరో నెలకు కొమ్మలు సన్నగా సాగి, కింది ఆకులు పసుపుబారి రాలిపోతాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకాస్త పోస్తారు, గుప్పెడు ఎరువు వేస్తారు. మొక్క మరింత త్వరగా పోతుంది. చివరికి మట్టి మంచిది కాదనో, తమ హస్తవాసి బాగాలేదనో సరిపెట్టుకుంటారు.

చాలాసార్లు తప్పు మట్టిదీ కాదు, చేతిదీ కాదు. ఎండలో బతికే మొక్కను నీడలో పెట్టడమే అసలు కారణం. నగరాల్లో ఇంటికీ ప్రహరీకీ మధ్య మిగిలేది నాలుగైదు అడుగుల సందు. పక్కనే రెండు, మూడు అంతస్తుల ఇల్లు ఉంటే ఆ సందులోకి నేరుగా ఎండ పడేది ఏ గంటో, రెండు గంటలో. చాలా కుటుంబాలకు తోట అని చెప్పుకోవడానికి మిగిలిన నేల అంతే. ఆ కాస్త చోటులో పెట్టే ప్రతి మొక్కకూ డబ్బు, నీళ్లు, శ్రమ ఖర్చవుతాయి. నీడ గురించి కొంచెం తెలుసుకుంటే ఆ ఖర్చు వృథా కాదు.

నీడలన్నీ ఒకటి కావు

మన కన్ను వెలుగును కొలవడంలో నమ్మదగిన సాధనం కాదు. వెలుగు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది, రెటీనా సున్నితత్వం పెంచుకుంటుంది. అందుకే ఆరుబయటి ఎండకూ వరండాలోని వెలుగుకూ మధ్య ఉన్న తేడా మనకు కొద్దిగానే అనిపిస్తుంది. మొక్కకు మాత్రం అది విందుకూ పస్తుకూ ఉన్నంత తేడా.

నిర్మలమైన ఆకాశం ఉన్న రోజు మిట్టమధ్యాహ్నం నేల మీద పడే వెలుగు సుమారు 1,00,000 లక్స్. అదే సమయంలో గోడ నీడలో, తలపై ఆకాశం బాగా కనిపించే చోట 10,000 నుంచి 20,000 లక్స్ వరకు ఉంటుంది. ఇరుకైన సందులో అది కొన్ని వేల లక్స్‌కు పడిపోతుంది. కిటికీకి దూరంగా ఉన్న గదిలో కొన్ని వందలే. అంటే 'నీడ' అనే ఒక్క మాట కింద పది, ఇరవై రెట్ల తేడా ఉన్న చోట్లు దాగి ఉన్నాయి.

లక్స్ అనేది మనిషి కంటిని బట్టి ఏర్పరచుకున్న కొలత. మొక్కల శాస్త్రజ్ఞులు మరో కొలత వాడతారు. కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతి కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని పడుతున్నాయో మైక్రోమోల్‌లలో లెక్కిస్తారు. పగటి వెలుగుకైతే లక్స్‌ను 54తో భాగిస్తే దాదాపుగా ఆ విలువ వస్తుంది. నిండు ఎండ 1,850 మైక్రోమోల్‌లైతే, 10,000 లక్స్ నీడ సుమారు 185. వెయ్యి లక్స్ అంటే 18 లేదా 19 మాత్రమే.

స్మార్ట్‌ఫోన్‌లోని లక్స్ మీటర్ యాప్‌తో ఈ అంచనా వేయవచ్చు. అది ప్రయోగశాల పరికరమంత కచ్చితం కాకపోయినా, రెండు చోట్ల మధ్య తేడా తెలుసుకోవడానికి సరిపోతుంది. ఫోన్ కూడా అక్కర్లేని పద్ధతి ఒకటి ఉంది. మధ్యాహ్నం మొక్క పెట్టదలచిన చోట తెల్ల కాగితం పరచి, దానికి ఒక అడుగు ఎత్తున అరచేయి పట్టి చూడాలి. వేళ్లు విడివిడిగా, అంచులు స్పష్టంగా నీడ పడితే అక్కడ వెలుగు బాగా ఉన్నట్టు. చేతి ఆకారం తెలుస్తూ అంచులు మసకగా ఉంటే మధ్యస్థం. నీడ పడిందో లేదో అన్నట్టుంటే అది చిక్కటి నీడ.

సూర్యుడు ఉత్తరానికి వచ్చే నెలలు

ఉత్తరం వైపు గోడకు ఎప్పుడూ నీడే అని తోటల పుస్తకాల్లో తరచు కనిపిస్తుంది. ఇంగ్లండు లాంటి దేశాలకు అది చాలావరకు నిజం. కర్కటరేఖకు దక్షిణంగా ఉన్న మన ఊళ్లకు కాదు.

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు జూన్ 21 నాటికి 23.4 డిగ్రీల ఉత్తరం వరకు వస్తాడు. అంటే ఏటా కొన్ని వారాల పాటు మధ్యాహ్నపు సూర్యుడు హైదరాబాద్ నడినెత్తిని దాటి ఉత్తరం వైపుకు వెళతాడు. నడినెత్తిని దాటే రోజుల్లో నిటారుగా నిలబెట్టిన కర్రకు మధ్యాహ్నం నీడ పడదు. హైదరాబాద్‌లో ఆ 'నీడలేని రోజులు' మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో వస్తాయి. ఆ రెండింటి మధ్య ఉత్తరపు గోడకు మధ్యాహ్నం కూడా ఏటవాలుగా ఎండ తగులుతుంది. పైగా మార్చి 21 నుంచి సెప్టెంబరు 23 వరకు సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉదయించి, పడమరకు కాస్త ఉత్తరంగా అస్తమిస్తాడు. కాబట్టి ఆ ఆరు నెలలూ ఉత్తరపు గోడకు ఉదయం, సాయంత్రం ఎండ ఉంటుంది. దక్షిణపు గోడ కథ దీనికి తలకిందులు. చలికాలంలో రోజంతా ఎండలో ఉండే ఆ గోడకు జూన్‌లో మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలదు.

ఢిల్లీ కర్కటరేఖకు ఉత్తరంగా, 28.6 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏనాడూ ఉత్తరానికి రాడు. ఈ తేడా శీతాకాలపు నీడలోనూ కనిపిస్తుంది. డిసెంబరు 21 మధ్యాహ్నం పది అడుగుల గోడ నీడ ఢిల్లీలో దాదాపు 13 అడుగుల దూరం పడుతుంది. హైదరాబాద్‌లో అది ఎనిమిదిన్నర అడుగులు, చెన్నైలో ఏడున్నర అడుగుల లోపే.

దీనివల్ల ఒక చిక్కు ఉంది. డిసెంబరులో చూసి 'ఇక్కడ ఎప్పుడూ నీడే' అనుకుని ఉత్తరపు గోడ పక్కన సున్నితమైన ఫెర్న్ నాటితే, ఏడాదిలో అతి తీవ్రమైన వేడి ఉండే మే నెలలోనే దాని మీద ఎండ పడుతుంది. ఆకులు మాడిపోతాయి. కాబట్టి చోటును కనీసం రెండుసార్లు, చలికాలంలో ఒకసారి, నడివేసవిలో ఒకసారి చూడాలి. ఎండ పడే గంటలతో పాటు అది ఉదయపు ఎండా, మధ్యాహ్నపు ఎండా అన్నది కూడా రాసుకోవాలి. తూర్పు గోడకు తగిలే ఉదయపు ఎండను చాలా నీడ మొక్కలు ఇష్టంగానే తీసుకుంటాయి. పడమటి గోడకు తగిలే మూడు గంటల ఎండ వేరు. అప్పటికి గాలీ, గోడా రెండూ కాగి ఉంటాయి.

ఇరుకు సందులో ఎత్తుకున్న విలువ

పది అడుగుల ఎత్తున్న రెండు గోడల మధ్య నాలుగు అడుగుల సందు ఉందనుకుందాం. సందు మధ్యలో నేల మీద నుంచి పైకి చూస్తే 180 డిగ్రీల ఆకాశంలో కనిపించేది 23 డిగ్రీల సన్నని పట్టీ. ఆకాశమంతా ఒకే వెలుగుతో ఉందనుకుని లెక్క కడితే, ఆరుబయట నేలకు అందే ఆకాశపు వెలుగులో ఐదో వంతు మాత్రమే సందులోని నేలకు అందుతుంది. అదే సందులో ఆరు అడుగుల ఎత్తున వేలాడే కుండీకి 45 శాతం దాకా దొరుకుతుంది. నేల మీద ఉన్న మొక్కకన్నా రెండు రెట్లకు మించి వెలుగు. ఈ లెక్కలో గోడల మీద నుంచి తిరిగి పడే వెలుగును కలపలేదు.

ఆ తిరిగి పడే వెలుగును పెంచడం మన చేతిలో పనే. తెల్ల సున్నం లేదా లేత రంగు వేసిన గోడ తన మీద పడిన వెలుగులో ఎక్కువ భాగాన్ని తిప్పి పంపుతుంది. సిమెంటు రంగులో వదిలేసిన గోడ చాలావరకు మింగేస్తుంది. మొక్కల వెనుక ఉన్న గోడకన్నా వాటికి ఎదురుగా ఉన్న గోడకు తెలుపు వేస్తే ఉపయోగం ఎక్కువ. తీగను నేల నుంచి ఎక్కించే బదులు గోడకు సగం ఎత్తున తగిలించిన కుండీల్లో పెంచితే, కొత్త మొక్క కొనకుండానే వెలుగు పెరిగినట్టే.

ఆకు లోపలి జమాఖర్చు

మొక్క పగలు వెలుగుతో పిండి పదార్థాలు తయారుచేస్తుంది. వాటిలో కొంత భాగాన్ని పగలూ రాత్రీ శ్వాసక్రియలో ఖర్చు చేస్తుంది. వెలుగు తగ్గుతూ పోతే ఒక దశలో సంపాదన, ఖర్చు సమానమవుతాయి. ఆ వెలుగు స్థాయిని 'కాంతి పరిహార బిందువు' అంటారు. ఎండను ఇష్టపడే మొక్కల ఆకులకు ఇది ఇంచుమించు 20 మైక్రోమోల్‌లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అడవి అడుగున పెరిగే మొక్కల ఆకులకు పది లోపే ఉంటుంది. ఆకు తన ఖర్చు తాను వెళ్లదీసుకుంటే సరిపోదు. రాత్రి ఖర్చుకూ, వేళ్ల ఖర్చుకూ, కొత్త ఆకులకూ మిగలాలి. వెయ్యి లక్స్ సందులో గులాబీ రోజూ అప్పులోనే ఉంటుంది. కాండంలో దాచుకున్న నిల్వలు అయిపోయేదాకా నెట్టుకొచ్చి, ఆ తర్వాత పోతుంది. నాటిన వెంటనే కాక రెండు మూడు నెలలకు చనిపోవడానికి కారణం ఇదే.

నీడ మొక్కలు ఎక్కువ సంపాదించి బతకవు. తక్కువ ఖర్చు చేసి బతుకుతాయి. వాటి ఆకులు పలుచగా, వెడల్పుగా ఉంటాయి. అంతే పదార్థంతో ఎక్కువ వెలుగును పట్టుకోగలవు. ఆకులోని మాంసకృత్తులను వెలుగు పట్టే పత్రహరితం చుట్టూ ఎక్కువగా కేటాయిస్తాయి. కార్బన్ డయాక్సైడ్‌ను బంధించే ఎంజైములను తక్కువగా ఉంచుకుంటాయి. శ్వాసక్రియ నెమ్మదిగా సాగుతుంది. ఈ పొదుపుకు మూల్యం కూడా ఉంది. ఒక్కసారిగా నిండు ఎండ పడితే ఆ ఆకు అంత శక్తిని వాడుకోలేదు. మిగిలిన శక్తి ఆకు లోపలి యంత్రాంగాన్నే దెబ్బతీస్తుంది. మే నెల ఎండకు మనీప్లాంట్ ఆకుల మీద తెల్లని, ఎండిన మచ్చలు పడేది అందుకే.

ఒకే మొక్క మీద కూడా ఎండ వైపు ఆకులు మందంగా, లోపలి ఆకులు పలుచగా ఉంటాయి. అయితే ఒకసారి పూర్తిగా ఎదిగిన ఆకు తన నిర్మాణాన్ని పెద్దగా మార్చుకోలేదు. కొత్త వెలుగుకు తగిన ఆకులు కొత్తగా రావలసిందే. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క మొదటి వారాల్లో కొన్ని ఆకులు రాల్చినంత మాత్రాన దాన్ని తీసేయనక్కర్లేదు. తర్వాత వచ్చే కొత్త ఆకులు ఎలా ఉన్నాయో చూసి తీర్పు చెప్పాలి.

ఆకుకూరల్లో కూడా ఈ తేడా ఉంది. తోటకూర సీ4 తరగతి మొక్క. ఆస్ట్రేలియాలో మార్షల్ హ్యాచ్, రోజర్ స్లాక్ 1966లో చెరకు ఆకుల మీద చేసిన పరిశోధనతో ఈ పద్ధతి వివరంగా తెలిసింది. ఈ మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను ముందు ఒకచోట పట్టి, మరోచోటికి చేర్చి గాఢంగా పోగుచేస్తాయి. దీనికి అదనపు శక్తి కావాలి. ఎండ పుష్కలంగా ఉంటే ఆ ఖర్చుకు తగిన లాభం వస్తుంది. చిక్కటి నీడలో బతికే సీ4 మొక్కలు అరుదు. గోడ పక్కన గరిక, తోటకూర పీలగా మిగిలిపోతే, అక్కడే బచ్చలి తీగ, పుదీనా బాగానే సాగుతాయి.

చెట్టు నీడ వేరు, గోడ నీడ వేరు

చెట్టు కింద, గోడ కింద లక్స్ మీటర్ ఒకే సంఖ్య చూపించినా మొక్కకు ఆ రెండూ ఒకటి కావు. ఆకులు ఎర్రని, నీలపు కాంతిని పీల్చుకుంటాయి. ఎరుపు చివరన, మన కంటికి దాదాపు కనిపించని 'సుదూర ఎరుపు' కాంతిని వదిలేస్తాయి. ఆరుబయట ఎరుపు, సుదూర ఎరుపు కాంతుల నిష్పత్తి సుమారు 1.2 ఉంటుంది. దట్టమైన చెట్ల కింద అది 0.2కో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది.

మొక్కలు ఈ నిష్పత్తిని చదువుతాయని తేలింది లెట్యూస్ విత్తనాల వల్ల. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన హ్యారీ బార్త్‌విక్, స్టెర్లింగ్ హెండ్రిక్స్, వారి సహచరులు 1952లో ఈ ఫలితాన్ని ప్రకటించారు. ఎర్రని కాంతి చూపిస్తే విత్తనాలు మొలిచాయి. వెంటనే సుదూర ఎరుపు చూపిస్తే ఆగిపోయాయి. ఎన్నిసార్లు మార్చి మార్చి చూపినా చివర చూపిన కాంతే ఫలితాన్ని నిర్ణయించింది. దీనికి కారణమైన వర్ణకానికి తర్వాత ఫైటోక్రోమ్ అని పేరు పెట్టారు. చెట్టు నీడలో ఎండ మొక్క ఈ వర్ణకం ద్వారా 'పక్కన పోటీదారు ఉన్నాడు' అని గుర్తిస్తుంది. పూత, కొమ్మలు తగ్గించుకుని పొడవు పెరగడానికి తొందరపడుతుంది.

గోడకు ఆకులు లేవు. గోడ నీడలో పడేది ఆకాశం నుంచి చెదిరి వచ్చిన వెలుగు. అందులో నీలం పాలు ఎక్కువ. ఎరుపు, సుదూర ఎరుపుల నిష్పత్తి పెద్దగా పడిపోదు. కాబట్టి గోడ నీడలోని మొక్కకు పోటీదారు కబురు అంత గట్టిగా అందదు. వెలుగు తక్కువై కొంత సాగినా, దాని అసలు బాధ ఆకలి. గోడకు తోడు చెట్టు కూడా ఉన్న చోట రెండు కష్టాలూ కలుస్తాయి. అక్కడ చెట్టు కింది కొమ్మలు రెండు మూడు తీసేస్తే వెలుగు పెరగడమే కాదు, దాని రంగు కూడా మారుతుంది.

నీడలో ఫెర్న్‌లు అంత బాగా పెరగడం వెనుక ఒక వింత చరిత్ర ఉంది. అనేక ఫెర్న్‌లలో నియోక్రోమ్ అనే కాంతి గ్రాహకం ఉంది. అది ఎరుపు, నీలం రెండింటికీ స్పందిస్తుంది. ఈ జన్యువు ఫెర్న్‌లకు హార్న్‌వర్ట్ అనే నాచు తరహా చిన్న మొక్కల నుంచి నేరుగా చేరిందని 2014లో ప్రచురితమైన పరిశోధన చూపింది. పూల మొక్కల అడవులు కమ్ముకున్న కాలంలో మసక వెలుగులో నెగ్గుకురావడానికి ఫెర్న్‌లకు ఇది తోడ్పడి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ.

గోడ ఎక్కే తీగలు

తీగలు పైకి ఎలా పాకుతాయో చార్లెస్ డార్విన్ ఏళ్లపాటు గమనించి 1865లో ప్రకటించాడు. 1875లో అది పుస్తకంగా వచ్చింది. కాండంతో చుట్టుకునేవి, ఆకు కాడలతోనో నులితీగలతోనో పట్టుకునేవి, ముళ్లతో కొక్కేల్లా తగులుకునేవి, వేళ్లతో అంటుకునేవి అని ఆయన వాటిని వేరు చేశాడు. గోడకు మొక్క ఎంచుకునేవారికి ఈ విభజన నేటికీ పనికొస్తుంది. తిప్పతీగ లాంటి చుట్టుకునే తీగకు తాడో, తీగెలో కట్టాలి, ఉత్త గోడ మీద అది నిలవదు. తమలపాకు, మిరియాల తీగ, మనీప్లాంట్ కణుపుల దగ్గర పుట్టే వేళ్లతో అంటుకుంటాయి. వాటికి గరుకైన, కాస్త తేమ నిలిచే ఉపరితలం కావాలి. నున్నగా రంగు వేసిన గోడ మీద అవి జారిపోతాయి. కొబ్బరి పీచు చుట్టిన కర్రనో, పాత పలకనో ఆనిస్తే పట్టు దొరుకుతుంది.

కొన్ని అడవి తీగలు మొలకెత్తగానే వెలుగు వైపు కాక చీకటి వైపు పాకుతాయి. మధ్య అమెరికాకు చెందిన మాన్‌స్టెరా జాతి మొలకలు చుట్టుపక్కల అతి చీకటిగా ఉన్న దిక్కుకు, అంటే లావుపాటి చెట్టు మొదలు వైపుకు పాకడాన్ని డొనాల్డ్ స్ట్రాంగ్, థామస్ రే 1975లో వివరించారు. ఎక్కడానికి ఆధారం దొరికాక తీగ పైకి, వెలుగులోకి పోతుంది. ఇదే కుటుంబానికి చెందిన మనీప్లాంట్ కూడా ఆధారం దొరికి పైకి ఎక్కితే పెద్ద పెద్ద ఆకులు వేస్తుంది. కిందికి వేలాడితే చిన్న ఆకులే వేస్తుంది.

నీడ తీగల సాగు మన రైతులకు కొత్త కాదు. గుంటూరు జిల్లా పొన్నూరు పరిసరాల ఆకుతోటల్లో ముందు అవిసె మొక్కలు పెంచుతారు. ఆ మొక్కలే తమలపాకు తీగకు నీడా, ఆధారమూ అవుతాయి. పశ్చిమ బెంగాల్‌లో ఇందుకోసం వెదుళ్లు, గడ్డితో కప్పిన పందిళ్లు వేస్తారు. వాటిని బరోజ్ అంటారు. పాడేరు, అరకు ప్రాంతాల కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగ ఎక్కిస్తారు. ఈ పంటలన్నీ చెప్పేది ఒక్కటే. నీడ అంటే పనికిరాని నేల కాదు, దానికి తగిన మొక్కలు వేరే ఉన్నాయి.

గోడ పక్క మట్టి

వెలుగు తర్వాత చూడవలసింది మట్టి. కట్టడం పూర్తయ్యాక గోడ మొదట్లో మిగిలేది ఇటుక ముక్కలు, ఇసుక, గట్టిపడిన సిమెంటు. కొత్త సిమెంటు నుంచి, సున్నం నుంచి వానకు కాల్షియం హైడ్రాక్సైడ్ కరిగి మట్టిలోకి దిగుతుంది. మట్టి క్షార గుణం పెరుగుతుంది. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా అది వేళ్లకు అందే రూపంలో ఉండదు. లేత ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది ఇనుము లోపానికి గుర్తు. అప్పుడు నీళ్లు ఎక్కువ పోయడం వల్ల ఫలితం లేదు. గోడకు ఆనించి అడుగున్నర లోతు వరకు పాత మట్టి తీసి, మంచి ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపడమే మేలు. సున్నాన్ని ఇష్టపడే మొక్కలూ లేకపోలేదు. పాత ఇటుక గోడల పగుళ్లలో, బావుల ఒరల మీద తరచు కనిపించే టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ అలాంటిది. ఈ ఫెర్న్ మట్టిలోని ఆర్సెనిక్‌ను పెద్ద మొత్తంలో పీల్చి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో వెల్లడైంది.

గోడ వానను కూడా అడ్డుకుంటుంది. చూరు, సన్‌షేడ్ కింద ఉన్న పట్టీ మీద జోరు వానలో కూడా చినుకు పడకపోవచ్చు. చుట్టూ తడిగా ఉన్నా ఆ పట్టీ పొడిగానే ఉంటుంది. మరోచోట డాబా మీది నీరంతా ఒకే గొట్టం నుంచి పడి, మట్టి రోజుల తరబడి బురదగా ఉంటుంది. ఏది ఏ రకమో తెలియడానికి ఒక అడుగు లోతు గుంత తవ్వి నీళ్లు నింపాలి. అవి ఇంకాక మళ్లీ నింపి చూడాలి. రెండోసారి పోసిన నీళ్లు మర్నాటికీ నిలిచే ఉంటే అక్కడ వేళ్లకు గాలి ఆడదు. ఆ చోట కుండీలే నయం, లేదా చేమ లాంటి తడి మొక్కలు.

నీడలో మొక్కలు ఎక్కువగా చచ్చేది దాహంతో కాదు, తడితో. వెలుగు తక్కువైతే ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు కూడా తక్కువ. ఎండ కుండీకి పోసినట్టే నీడ కుండీకి రోజూ పోస్తే మట్టిలోని గాలి ఖాళీలు నీటితో నిండిపోతాయి. ఊపిరాడని వేళ్ల మీద ఫైటోఫ్తోరా, పిథియం లాంటి శిలీంధ్రం తరహా సూక్ష్మజీవులు దాడి చేసి కుళ్లబెడతాయి. కుళ్లిన వేళ్లు నీరు తీసుకోలేవు కాబట్టి ఆకులు వాడిపోతాయి. చూసినవారు నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. రెండు అంగుళాల లోతు వరకు వేలు గుచ్చి, పొడిగా తగిలితేనే పోయడం మంచి అలవాటు.

ఏ చోట ఏ మొక్క

తూర్పు గోడ దగ్గర, మూడు నాలుగు గంటల ఉదయపు ఎండ తగిలే చోట ఎంపిక విస్తృతం. పూలకు కనకాంబరం అన్నిటికన్నా మంచి ఎంపిక. ఇది దక్షిణ భారతానికి చెందిన మొక్కే, పాక్షిక నీడలో కూడా పూస్తుంది. కూరలకు బచ్చలి, పుదీనా, కొత్తిమీర సాగుతాయి. అల్లం, పసుపు తోటల నీడలో పెరగడానికి అలవాటుపడ్డవే. పొదగా కావాలంటే అడ్డసరం పెట్టవచ్చు.

నేరుగా ఎండ లేకపోయినా ఆకాశం బాగా కనిపించే చోట, అంటే 5,000 నుంచి 15,000 లక్స్ ఉన్న చోట తమలపాకు, మిరియాల తీగ, మనీప్లాంట్, ఫిలోడెండ్రాన్, సింగోనియం బాగుంటాయి. నేల మీద నెఫ్రోలెపిస్ ఫెర్న్, బెగోనియా, పీస్ లిల్లీ పెట్టవచ్చు. ఫెర్న్‌లకు వెలుగుకన్నా గాలిలో తేమ ముఖ్యం. వేసవిలో వడగాలి నేరుగా తగిలే సందు వాటికి పనికిరాదు.

చేతి నీడ కూడా పడని చిక్కటి నీడలో ఆగ్లోనీమా, సాన్సెవీరియా, జీజీ ప్లాంట్ లాంటివే నిలుస్తాయి. సాన్సెవీరియా రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి నీరు పొదుపు చేస్తుంది. జీజీ ప్లాంట్ నేలలోని దుంపల్లో నీరు దాచుకుంటుంది. రెండూ నెమ్మదిగా పెరుగుతాయి. అక్కడ పూల ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

తెలుపు, పసుపు మచ్చల ఆకులున్న రకాలు చీకటి మూలను వెలిగిస్తాయని కొంటారు. మచ్చ ఉన్న చోట పత్రహరితం తక్కువ. కాబట్టి అదే జాతిలోని పచ్చ రకంకన్నా వాటికి ఎక్కువ వెలుగు కావాలి. చిక్కటి నీడలో మనీప్లాంట్ కొత్త ఆకుల మచ్చలు తగ్గి పచ్చగా మారడం చాలా ఇళ్లలో కనిపించేదే.

తీసుకోవలసిన జాగ్రత్తలు

పైన చెప్పిన మనీప్లాంట్, ఫిలోడెండ్రాన్, సింగోనియం, ఆగ్లోనీమా, పీస్ లిల్లీ, చేమ అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వీటి కణజాలంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. కంద సరిగా ఉడకకపోతే నాలుక, గొంతు దురద పెట్టేది వీటివల్లే. పసిపిల్లలు, పెంపుడు జంతువులు ఈ ఆకులు నమిలితే నోరు, గొంతు వాచి బాధపడతారు. పాకే పిల్లలున్న ఇళ్లలో వీటిని అందనంత ఎత్తున పెట్టాలి. డిఫెన్‌బాకియా విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

గోడ మీద దానంతట అదే మొలిచే రావి, మర్రి మొలకలను లేతగా ఉన్నప్పుడే వేళ్లతో సహా తీసేయాలి. ముదిరితే వేళ్లు పగుళ్లలోకి దిగి గోడను చీలుస్తాయి. గోడకు అంటుకుని అందంగా పాకే ఫైకస్ పుమిలా కూడా మర్రి కుటుంబానిదే. దాని చిన్న వేళ్లు జిగట ద్రవాన్ని స్రవించి అంటుకుంటాయని డార్విన్ గమనించాడు. వయసు మళ్లిన కొద్దీ కొమ్మలు లావై, ప్లాస్టరింగును పెకలిస్తాయి. పగుళ్లున్న పాత గోడకు దాన్ని ఎక్కించకూడదు. మనీప్లాంట్ కత్తిరింపులను అడవిలోనో, వాగు ఒడ్డునో పారేయడం కూడా మంచిది కాదు. పసిఫిక్ దీవుల నుంచి వచ్చిన ఈ తీగ శ్రీలంక అడవుల్లో స్థానిక మొక్కలను కమ్మేస్తోంది. కుండీల కింది పళ్లేల్లో నిలిచిన నీళ్లలో డెంగీని వ్యాపింపజేసే దోమ గుడ్లు పెడుతుంది. వారానికోసారి ఆ పళ్లేలను కడిగి ఆరబెట్టాలి.

నీడ మొక్కకు ఎరువు కూడా తక్కువే చాలు. వాడుకోవడానికి తగిన వెలుగు లేనప్పుడు ఎక్కువ నత్రజని వేస్తే మెత్తని, బలహీనమైన కొమ్మలు వస్తాయి, పురుగు సులువుగా పడుతుంది. ఆకుల మీద పేరుకున్న దుమ్మును తడి గుడ్డతో తుడవడం అంతకన్నా మేలు చేస్తుంది. దుమ్ము పొర అసలే తక్కువగా ఉన్న వెలుగును మరింత తగ్గిస్తుంది.

నర్సరీకి వెళ్లేముందు చేతిలో మూడు వివరాలు ఉంటే చాలు: చలికాలంలో, వేసవిలో ఆ చోట ఎండ పడే వేళలు, మధ్యాహ్నం చేతి నీడ ఎంత స్పష్టంగా ఉందో, గుంతలో పోసిన నీళ్లు ఎంతసేపటికి ఇంకాయో. ఈ వివరాలు చెప్పి అడిగితే నర్సరీవారు కూడా పూసిన మొక్క బదులు ఆ చోట నిలిచే మొక్కను చూపించగలుగుతారు. అనుమానం ఉన్నప్పుడు ఒకే రకం పది తేకుండా మూడు రకాలు ఒక్కొక్కటి తెచ్చి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవనివ్వడం మంచిది. ఆ రెండు కాలాలూ తట్టుకుని కొత్త ఆకులు వేసిన మొక్కనే గోడంతా పెంచుకోవచ్చు. తమలపాకు, మనీప్లాంట్, పుదీనా లాంటివైతే కొమ్మ తుంచి నాటితే చాలు, మళ్లీ కొనే పని కూడా ఉండదు.